మౌంటెన్ బైక్ డిస్క్ బ్రేక్ కీచుమంటోందా? విప్పే ముందు ఒకసారి వినండి

ముందు నేను చేసిన తలతిక్క పని చెప్పేస్తా, తర్వాత మీ బ్రేక్ సంగతి చూద్దాం. డిస్క్ బ్రేక్ సైకిల్ కొన్న కొత్తలో వెనక బ్రేక్ పట్టిన ప్రతిసారీ వీధంతా తిరిగి చూసేలా కీచుమనేది. తలుపు బందు కిర్రుమంటే నూనె చుక్క వేస్తాం కదా, అదే బుర్రతో తుప్పు వదిలించే స్ప్రే డబ్బా తీసుకుని డిస్క్ మీద శుభ్రంగా కొట్టేశా. చప్పుడు ఠక్కున ఆగిపోయింది, భలే అనుకున్నా. కాసేపయ్యాక దిగుడులో హ్యాండిల్ మీది బ్రేక్ లివర్ నొక్కితే, లివర్ ఎప్పటిలాగే గట్టిగా ఉంది, వేళ్లు నొప్పెట్టేలా నొక్కుతున్నా చక్రం మాత్రం తన పాటికి తాను తిరుగుతూనే ఉంది. ముందు బ్రేక్ ఉంది కాబట్టి బతికిపోయా. డిస్క్‌ని రెండు పక్కలా నొక్కి ఆపే ప్యాడ్స్ రెండూ చెత్తబుట్టలోకి.

కాబట్టి మొదటి మాట, డిస్క్‌కి గానీ ప్యాడ్స్‌కి గానీ ఏ రకం నూనే తగలకూడదు, చివరికి మీ వేలి జిడ్డు కూడా. రెండో మాట, ఒకసారికి ఒక్క పనే చెయ్యండి, చేసి తొక్కి చూడండి, ఆ తర్వాతే ఇంకోటి. అన్నీ ఒకేసారి విప్పి బిగిస్తే దేనివల్ల తగ్గిందో తెలీదు, ఇంకా పెరిగితే దేనివల్ల పెరిగిందో అసలే తెలీదు.

ఏ చప్పుడో ముందు తేల్చుకోండి

బ్రేక్ చప్పుడు అని అందరం ఒకే మాట అంటాం గానీ అవి నాలుగైదు వేరువేరు జబ్బులు. సైకిల్‌ని స్టాండ్ మీద పెట్టండి, స్టాండ్ లేకపోతే ఎవరినైనా సీటు పట్టుకుని ఎత్తమనండి, బ్రేక్ పట్టకుండా చక్రం తిప్పి చెవి దగ్గర పెట్టి వినండి. తర్వాత కాస్త తొక్కి బ్రేక్ పట్టి వినండి. ఈ రెండు నిమిషాల పనితోనే సగం తేలిపోతుంది.

బ్రేక్ పట్టకపోయినా చక్రం ఒక చుట్టు తిరిగేలోపు ఒకేచోట "స్స్" మని రాసుకుని వదిలేస్తోందంటే డిస్క్ ఎక్కడో వంగింది. చుట్టంతా ఆగకుండా "స్స్స్" మంటోందంటే క్యాలిపర్ (ప్యాడ్స్ ఉండే, డిస్క్ మీద కూర్చునే బ్రేక్ భాగం) నడిమధ్యలో లేదు, లేదా ప్యాడ్‌ని తోసే పిస్టన్ ఒకటి వెనక్కి పోకుండా బిగుసుకుంది. బ్రేక్ పట్టినప్పుడే సన్నగా చెవులు చిల్లులు పడేలా కీచుమంటే చాలావరకు జిడ్డు, లేదా ప్యాడ్ పైభాగం కాలి అద్దంలా నునుపు తేలడం. ఇనుము మీద ఇనుము గీకినట్టు గరగర వినిపిస్తోందంటే మాత్రం తొక్కడం అక్కడే ఆపండి, ప్యాడ్ అరిగిపోయి వెనక రేకు డిస్క్‌ని తినేస్తోంది, ఇది నాన్చే విషయం కాదు. ఇంకోటుంది, బ్రేక్ పడుతుంటే ఫోర్క్, ఫ్రేమ్ అన్నీ వణుకుతూ "గుర్ర్ గుర్ర్" మని మోగడం, దాని సంగతి చివర్లో.

రిపేరే అక్కర్లేనివి కూడా ఉన్నాయి. వానలోనో బురదలోనో కీచుమని, రెండుమూడుసార్లు బ్రేక్ పట్టి డిస్క్ ఆరగానే ఊరుకుంటే వదిలెయ్యండి. పొడుగాటి దిగుడు దిగాక "టింగ్ టింగ్" మని కాస్త రాసుకుని చల్లారాక మామూలైతే అది వేడికి డిస్క్ కొంచెం సాగడం, అంతే. కొత్త ప్యాడ్స్ మొదట్లో అరిస్తే అవి ఇంకా డిస్క్‌తో కుదురుకోలేదని అర్థం.

అసలు ఎందుకు అరుస్తుందంటే, స్టీల్ కంచం మీద చెంచా అంచుతో గీస్తే ఒళ్లు జలదరించేలా చప్పుడు వస్తుంది చూడండి, అదే ఇది. ప్యాడ్ డిస్క్‌ని సాఫీగా పట్టుకోకుండా పట్టి, జారి, మళ్లీ పట్టి, ఇలా సెకనుకి వందలసార్లు జరిగితే పల్చటి డిస్క్ గంటలా మోగుతుంది. జిడ్డు, నునుపు, లూజు బోల్టు, ఏదైనా సరే ఆ పట్టు-జారుడుకి చోటిచ్చేదే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

4, 5 ఎంఎం అలెన్ కీలు, ఆరు బోల్టుల డిస్క్ అయితే టీ25 టోర్క్స్ కీ, 90 శాతం పైన ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్, కొత్త గుడ్డ లేదా పేపర్ టవల్, 120 నంబర్ దగ్గర్లో ఉండే శాండ్ పేపర్, చెవిలో పెట్టుకునే దూది పుల్లలు, టైరు ఊడదీసే ప్లాస్టిక్ టైర్ లివర్, టార్చి లైటు, ఒక తెల్ల కాగితం. చేతులకి గ్లవ్స్ ఉంటే మంచిది. గుడ్డ విషయంలో ఒక్కమాట, చైన్ తుడిచిన గుడ్డ ఎంత ఉతికినా దీనికి వాడొద్దు. మామూలు పెట్రోలు, కిరోసిన్, తిన్నర్ కూడా వద్దు, వెనకాల ఏదో ఒక పొర వదిలిపోతాయి.

మొదలుపెట్టే ముందు ఇంకో రెండు. చక్రం జోరుగా తిరుగుతున్నప్పుడు డిస్క్ దగ్గర వేలు పెట్టొద్దు, దాని చిల్లులు వేలి కొనని కత్తిరించి పారేస్తాయి, తమాషా కాదు. దిగుడు దిగి వచ్చిన వెంటనే డిస్క్ పట్టుకోవద్దు, చర్మం అంటుకుపోయేంత వేడి ఉంటుంది.

1. చక్రం, బోల్టులు

చాలామంది దీన్ని దాటేసి నేరుగా ప్యాడ్స్ మీద పడతారు. నాకైతే ఎన్నోసార్లు ఇక్కడే పని అయిపోయింది. చక్రాన్ని పట్టి ఉంచే క్విక్ రిలీజ్ లేదా త్రూ యాక్సిల్ వదులు చేసి, సైకిల్‌ని నేల మీద నిటారుగా నిలబెట్టి పైనుంచి కాస్త బరువు వేసి చక్రం సరిగ్గా కూర్చున్నాక మళ్లీ బిగించండి. స్టాండ్ మీద వేలాడుతున్నప్పుడు బిగిస్తే ఒక్కోసారి ఓరగా కూర్చుంటుంది, ఆ వెంట్రుకవాసి తేడాకే డిస్క్ రాసుకుంటుంది.

తర్వాత చక్రాన్ని పక్కకి పట్టుకుని అటూ ఇటూ ఊపండి, టకటకమని కదిలితే హబ్ (చక్రం నడిమి భాగం) బేరింగ్‌లో ఆట ఉంది, బ్రేక్‌ని ఎంత సరిచేసినా లాభం లేదు, ముందు దాన్ని చూడాలి. ముందు బ్రేక్ నొక్కి పట్టి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ తోస్తే హ్యాండిల్ కింద టక్కుమంటే హెడ్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోటి బేరింగ్, లూజు. ఇక డిస్క్ బోల్టులు. ఆరు ఉంటే వరసగా గుండ్రంగా కాకుండా ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. బిగుతు కొలిచే టార్క్ రెంచ్ ఉంటే షిమానో డిస్కులకి 2 నుంచి 4 న్యూటన్ మీటర్లు, స్రామ్‌వి 6.2, నడుమ ఒకే రింగుతో బిగించే సెంటర్‌లాక్ అయితే 40. టీ25 తల చాలా చిన్నది, కీ పూర్తిగా లోపలికి దిగాకే తిప్పండి, ఒక్కసారి తల అరిగిందంటే ఆ బోల్టు తీయడానికి ఒక ఆదివారం పోతుంది.

2. ప్యాడ్స్ బయటికి తీసి చూడండి

చక్రం తీసెయ్యండి. తీశాక లివర్ జోలికి పోవద్దు, ఇంట్లో పిల్లలుంటే వాళ్లకీ చెప్పండి, మధ్యలో డిస్క్ లేకుండా నొక్కితే పిస్టన్లు బయటికొచ్చి ప్యాడ్స్ రెండూ అతుక్కుపోతాయి. కొత్త ప్యాడ్స్ వేసే ఉద్దేశం ఉంటే పాత ప్యాడ్స్ లోపల ఉండగానే మధ్యలో ప్లాస్టిక్ టైర్ లివర్ పెట్టి పిస్టన్లని మెల్లగా వెనక్కి తోసేయండి. స్క్రూడ్రైవర్ పెట్టి తోయొద్దు, కొన్ని పిస్టన్లు సిరామిక్‌వి, టప్పుమని పెచ్చు లేస్తాయి.

ప్యాడ్స్‌ని పట్టి ఉంచేది ఒక చిన్న బోల్టు గానీ, చివర్లు వంచిన పిన్ను గానీ ఉంటుంది. దాన్ని తీసి ప్యాడ్స్‌ని, మధ్యలో స్ప్రింగుతో సహా, బయటికి లాగండి, ఎటుది ఎటో గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు వెలుతురులో పెట్టి చూడండి. మసిబొగ్గులా నల్లగా, గరుగ్గా ఉంటే బాగున్నట్టు. అద్దంలా మెరుస్తుంటే కాలింది. తడిసినట్టు ముదురు మచ్చలుంటే నూనె తాగింది. ఒక మూలే ఎక్కువ అరిగితే క్యాలిపర్ ఓరగా ఉంది. స్ప్రింగు రెక్క ఒకటి వంగి డిస్క్ వైపు పొడుచుకొచ్చిందేమో కూడా చూడండి, దీన్ని పట్టించుకోక నేను ఒకసారి వారం రోజులు డిస్క్‌నే తిట్టుకుంటూ గడిపా.

మందం కూడా చూడండి. షిమానో అయితే రేకు మీద మిగిలిన మసాలా, అంటే డిస్క్‌ని రుద్దే పొర, 0.5 ఎంఎంకి వస్తే మార్చేయమంటుంది, స్రామ్ అయితే రేకు, మసాలా కలిపి 3 ఎంఎం కన్నా తగ్గకూడదంటుంది. డిస్క్‌కి కూడా అరుగుదల ఉంటుంది, షిమానోవి కొత్తప్పుడు 1.8 ఎంఎం, 1.5కి వస్తే పని అయిపోయినట్టే, ఆ అంకె డిస్క్ మీదే చెక్కి ఉంటుంది చూడండి.

3. శుభ్రం చేయడం, ప్యాడ్ రుద్దడం

అసలు కీచు పోయేది ఎక్కువగా ఇక్కడే కాబట్టి తొందరపడకండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. గుడ్డని ఆల్కహాల్‌తో తడిపి డిస్క్‌ని రెండు వైపులా గట్టిగా తుడవండి, గుడ్డ నల్లబడుతుంది, ఆ చోటు వదిలి తెల్లచోటుతో మళ్లీ, ఇలా గుడ్డకి నలుపు అంటడం ఆగేదాకా. చిల్లుల అంచుల్లో, చేతుల్లాంటి భాగాల వెనక జిడ్డు దాక్కుంటుంది, డిస్క్ వేడెక్కగానే అదే కరిగి మళ్లీ పైకొస్తుంది, అక్కడ కూడా తుడవండి. జిడ్డు మరీ మొండిదైతే ముందు గిన్నెలు తోమే లిక్విడ్, వేడి నీళ్లతో కడిగి ఆరబెట్టి ఆ తర్వాత ఆల్కహాల్.

ప్యాడ్స్‌కి వద్దాం. శాండ్ పేపర్‌ని గోడకో ఒళ్లోనో కాదు, చదునైన గట్టి బల్ల మీద పరిచి, ప్యాడ్‌ని వేళ్లతో సమంగా అదిమి ఎనిమిది అంకె రాసినట్టు తిప్పుతూ రుద్దండి. పది పన్నెండు తిప్పులు చాలు, మెరుపు పోయి అంతా ఒకే రంగులో మాసిపోయినట్టు కనపడితే ఆపేయండి. ఒక పక్కే అదిమితే ప్యాడ్ ఓరగా తయారై కొత్త గోల మొదలవుతుంది. ఆ పొడి ముక్కులోకి పోనీయకండి, మాస్క్ కట్టుకోండి, ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. ఆఖర్న ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి.

నూనె బాగా తాగేసిన ప్యాడ్‌ని గ్యాస్ మంట మీదో మంట చిమ్మే బ్లో టార్చితోనో కాలిస్తే బాగవుతుందని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. నేనూ చేసి చూశా. పొగ వస్తుంది, కంపు కొడుతుంది, రెండు రోజులు బానే ఉంటుంది, మూడో రోజు పాతపాటే. పైగా రెసిన్ (జిగురుతో కలిపిన మెత్తటి రకం) ప్యాడ్ అయితే మసాలాని పట్టి ఉంచే జిగురే కాలి పెళుసెక్కుతుంది. ఆగాల్సిన వస్తువుతో ఈ ప్రయోగాలెందుకు, మార్చేయండి. రెండు వైపులవీ కలిపి మార్చాలి, ఒకటి పాతది ఒకటి కొత్తది పెట్టొద్దు.

మార్చేటప్పుడు రెసినా మెటలా అనే అనుమానం వస్తుంది. రెసిన్ చప్పుడు తక్కువ, మెత్తగా పడుతుంది, త్వరగా అరుగుతుంది. మెటల్ బురదలో, పొడుగాటి దిగుళ్లలో నిలబడుతుంది గానీ గోల కాస్త ఎక్కువ. కొన్ని డిస్కుల మీద "రెసిన్ ప్యాడ్స్ మాత్రమే" అని రాసి ఉంటుంది, వాటికి మెటల్ వేస్తే డిస్క్ గబగబా అరిగిపోతుంది.

అన్నట్టు ప్యాడ్ వెనకవైపు, క్యాలిపర్ లోపల తడి కనిపించిందంటే అది బయటి నూనె కాదు, పిస్టన్ సీలు కారుతోంది. ఎన్ని ప్యాడ్స్ మార్చినా వారానికే తడిసిపోతాయి. అప్పుడు సీలో క్యాలిపరో మార్చాల్సిందే.

4. పిస్టన్ వదిలించడం

క్యాలిపర్లోకి టార్చి కొట్టి చూడండి, పిస్టన్ చుట్టూ మట్టి గారకట్టి ఉంటుంది. హైడ్రాలిక్ బ్రేక్‌లో, అంటే నూనె ఒత్తిడితో నడిచేదాంట్లో, ప్యాడ్‌ని వెనక్కి లాగే స్ప్రింగు పనంతా ఆ చతురస్రపు రబ్బరు సీలుదే, లివర్ నొక్కితే సీలు మెలిపడుతుంది, వదిలితే తన చోటికి వస్తూ పిస్టన్‌ని వెంట లాక్కొస్తుంది. మట్టి పట్టేస్తే ఆ లాగుడు చాలదు, పిస్టన్ అక్కడే కూర్చుంటుంది, ప్యాడ్ రాసుకుంటూనే ఉంటుంది.

ప్యాడ్స్ లేకుండా లివర్‌ని చాలా మెల్లగా ఒకటి రెండుసార్లు నొక్కితే పిస్టన్లు రెండుమూడు ఎంఎం బయటికొస్తాయి. అంతకన్నా రానివ్వద్దు, పూర్తిగా ఊడిపడితే నూనె అంతా కారిపోయి బ్లీడింగ్ పని (కొత్త నూనె నింపి గాలి తీయడం) మీద పడుతుంది. దూది పుల్లని ఆల్కహాల్‌లో ముంచి చుట్టూ తుడవండి, తర్వాత మీ బ్రేక్‌లో ఏ నూనె ఉందో అదే నూనె ఒక్క చుక్క పుల్లతో అంచుకి రాసి, మిగిలింది తుడిచేసి, టైర్ లివర్‌తో లోపలికి తోయండి. ఇలా మూడు నాలుగుసార్లు. ఒక పిస్టన్ జోరుగా వస్తూ ఇంకోటి మొరాయిస్తే, వచ్చేదాన్ని టైర్ లివర్‌తో ఆపి పట్టుకుని లివర్ నొక్కండి, మొండిది దారికొస్తుంది.

నూనె విషయంలో మాత్రం జాగ్రత్త. షిమానో, మగురా, టెక్ట్రో మినరల్ ఆయిల్‌తో నడుస్తాయి, హేస్ ఎక్కువగా డాట్ అనే ఇంకో రకం బ్రేక్ ఫ్లూయిడ్‌తో, స్రామ్‌లో పాతవి డాట్, కొన్ని కొత్త మోడళ్లు మినరల్. ఒకదాని చోట ఇంకోటి తగిలితే రబ్బరు ఉబ్బి సీళ్లన్నీ పాడవుతాయి. లివర్ దగ్గర మూత మీద రాసి ఉంటుంది, చదివాకే ముట్టుకోండి. డాట్ అయితే పెయింటుని కూడా తినేస్తుంది.

5. క్యాలిపర్‌ని మధ్యకి తేవడం

ప్యాడ్స్ పెట్టి, పిన్ను వేసి, చక్రం ఎక్కించండి. క్యాలిపర్‌ని ఫ్రేమ్‌కి పట్టే రెండు బోల్టులు అర చుట్టు వదులు చెయ్యండి, చేత్తో తోస్తే అటూ ఇటూ జరగాలి. లివర్ గట్టిగా నొక్కి పట్టుకుని, అలా పట్టుకునే బోల్టుల్ని కాస్త ఇది కాస్త అది మార్చి మార్చి బిగించండి. చాలా బ్రేకులకి ఆఖరి బిగింపు 6 నుంచి 8 న్యూటన్ మీటర్లు.

పుస్తకాల్లో ఇంతే ఉంటుంది, నిజంలో సగంసార్లు దీనితో అవ్వదు, ఎందుకంటే బోల్టు ఆఖరి పావు చుట్టులో వాషర్‌తో పాటు క్యాలిపర్‌ని కూడా ఈడ్చుకుపోతుంది. అప్పుడు కంటితోనే చెయ్యాలి. క్యాలిపర్ వెనకాల తెల్ల కాగితం పెట్టి ముందు నుంచి ఒక కన్ను మూసి చూడండి, డిస్క్‌కి రెండు పక్కలా రెండు సన్నటి తెల్ల గీతలు కనపడాలి. ఏ గీత లేదో ఆ వైపు రాసుకుంటున్నట్టు. ఒక బోల్టు బిగించే ఉంచి రెండోదాన్ని కొంచెం వదిలి, క్యాలిపర్‌ని బొటనవేలితో గోరంత జరిపి, వేలు తియ్యకుండానే బిగించండి. తర్వాత మొదటిది వదిలి అలాగే. ఐదారుసార్లు పట్టొచ్చు, విసుక్కోవద్దు.

కేబుల్‌తో నడిచే మెకానికల్ డిస్క్ అయితే లెక్క వేరు. వాటిలో ఎక్కువవాటికి బయటి ప్యాడ్ ఒక్కటే కదులుతుంది, లోపలిది కదలకుండా ఉంటుంది, డిస్క్‌నే కొంచెం వంచి దానికి ఆనిస్తుంది. లోపలి ప్యాడ్‌ని చక్రం వైపు ఉన్న స్క్రూతో డిస్క్‌కి తగిలీ తగలనంత దగ్గరగా తెచ్చి, మిగతాది కేబుల్‌తో సర్దాలి.

6. డిస్క్ వంపు తీయడం

ఇప్పటికీ ఒకేచోట "స్స్" మంటుంటే వంపే. చక్రం మెల్లగా తిప్పుతూ కాగితం ముందు ఆ తెల్ల గీత ఎక్కడ మూసుకుంటుందో చూసి, అక్కడ డిస్క్ అంచు మీద మార్కర్‌తో కాదు, ఎదురుగా టైరు మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. ఆ చోటుని క్యాలిపర్ నుంచి బయటికి తిప్పుకుని, డిస్క్ సరిచేసే చీలిక టూల్‌తో గానీ, శుభ్రంగా తుడిచిన అడ్జస్టబుల్ స్పానర్‌తో గానీ పట్టుకుని ఎదురువైపుకి మెల్లగా వంచండి. మొదట వంచితే ఏమీ కాదు, స్టీల్ మళ్లీ తన చోటికే వస్తుంది. కొంచెం ఎక్కువ, మళ్లీ తిప్పి చూడండి, ఇంకొంచెం ఎక్కువ, మళ్లీ చూడండి. ఒక్క ఊపులో తీసేద్దామని బలం చూపిస్తే అటు వంపు ఇటొస్తుంది, దాన్ని తియ్యబోతే పక్కన ఇంకోటి పుడుతుంది. కంటికే కనిపించేంత గిన్నెలా వంగినదాన్ని బాగుచెయ్యాలని కూర్చోకండి, మార్చేయండి.

7. కుదుర్చుకోవడం

శాండ్ పేపర్ పట్టినా, డిస్క్ కడిగినా, కొత్త ప్యాడ్ వేసినా ఇది చెయ్యకపోతే చేసిందంతా బూడిదలో పోసినట్టే, వారంలో కీచు తిరిగొస్తుంది. ప్యాడ్ మసాలాలోది ఒక పల్చటి పొర డిస్క్ మీద సమంగా అంటుకోవాలి, అప్పుడే పట్టు సాఫీగా ఉంటుంది. బండ్లు లేని చదును రోడ్డు మీద గంటకి 20 కిలోమీటర్ల దాకా తొక్కి, ఒక్క బ్రేకే వాడుతూ, నడక వేగం దాకా సమంగా తగ్గించండి, చక్రం బిగుసుకోకూడదు, పూర్తిగా ఆగకూడదు. అలా ఓ 20 సార్లు. తర్వాత ఇంకొంచెం వేగంతో, ఇంకొంచెం గట్టిగా పట్టి 10 సార్లు. రెండో బ్రేక్‌కి మళ్లీ మొదటినుంచి. పూర్తిగా ఎందుకు ఆగొద్దంటే, వేడి మీదున్న ప్యాడ్ ఒకేచోట కూర్చుంటే అక్కడ మసాలా ముద్దగా అంటి, ఆ మచ్చ వచ్చినప్పుడల్లా బ్రేక్ దడదడలాడుతుంది.

ఇప్పటికీ మోగుతుంటే

ఆ "గుర్ర్ గుర్ర్" మనే వణుకు మిగిలిపోయిందనుకోండి, క్యాలిపర్ కూర్చునే చోట ఫ్రేమ్ మీద పెయింటు గడ్డలు కట్టి ఉన్నాయేమో చూడండి, ఉంటే క్యాలిపర్ ఒక అంచు మీదే ఆని వణుకుతుంది, దాన్ని చదును చేసే టూల్ మెకానిక్ దగ్గరే ఉంటుంది. క్యాలిపర్‌కీ ఫ్రేమ్‌కీ మధ్యలో ఉండే అడాప్టర్ బోల్టులు, వెనక సస్పెన్షన్ ఉంటే అది మడిచే చోట్లలోని పివట్ బోల్టులు, చక్రంలో లూజైన స్పోకులు కూడా చూడండి. ఒక్కోసారి డిస్క్, ప్యాడ్ జోడీయే కలవదు, మెటల్ తీసి రెసిన్ వేస్తే చాలు, వణుకు ఉన్నట్టుండి మాయమవుతుంది. వెనకాల చల్లబరిచే రెక్కలున్న ప్యాడ్స్ అయితే బ్రేక్ పట్టనప్పుడు గతుకుల్లో టకటకమంటాయి, అది వాటి గుణం.

ఇక చైన్‌కి నూనె వేసే రోజు. స్ప్రే వద్దు, చుక్క చుక్కగా వేసే సీసా వాడండి, వేసే ముందు వెనక డిస్క్‌కీ క్యాలిపర్‌కీ కలిపి ఒక పాత ప్లాస్టిక్ కవర్ తొడిగి రబ్బర్ బ్యాండ్ వెయ్యండి. వేశాక చైన్ పైపైన అంతా తుడిచేసి, పెడల్ నాలుగు తిప్పులు తిప్పి, నూనె చిందడం ఆగాక అప్పుడు కవర్ తియ్యండి.